తాళంచెవి ప్రయాణం

(బి.ఎస్సీ. చివరి సంవత్సరం విద్యార్థి)

తాళం ఎంత గట్టిదో చెప్పేవాళ్ళు చాలామంది వుంటారు. ఆ తాళంచెవి తయారైన చోటునుంచి వాడుకునే మనిషి దాకా ఎట్లా వచ్చింది, దారిలో ఎవరెవరి చేతులు మారింది, పని అయిపోయాక ఏమైంది అని అడిగేవాళ్ళు తక్కువ. కానీ సైన్యాల రహస్య రేడియోల చరిత్ర చదివితే, గెలుపోటములు తాళంలో కన్నా తాళంచెవి ప్రయాణంలోనే ఎక్కువగా వున్నాయని తెలుస్తుంది.

ఆ ప్రయాణం కోసమే పుట్టిన చిన్న చిన్న పెట్టెలు కొన్ని వున్నాయి. ఇంగ్లీషులో వాటిని 'ఫిల్ డివైస్' అంటారు. అనగా, సైనిక రేడియోకి తగిలించిన రహస్య యంత్రంలోకి తాళంచెవిని 'నింపే' సాధనం. అమెరికా సైన్యం వాడిన ఈ పెట్టెల వివరాలు ఇప్పుడు చాలావరకు బహిరంగంగానే దొరుకుతున్నాయి. వాటి ఆధారంగా ఈ వ్యాసం రాస్తున్నాను. ఎలెక్ట్రానిక్స్ చదవని మిత్రులకి కూడా అర్థం కావాలని వీలైనంత మామూలు మాటల్లో చెప్తాను.

గాలి అందరిదీ

తీగ మీద పోయే మాటని వినాలంటే ఆ తీగ దగ్గరికి పోవాలి. రేడియోకి ఆ ఇబ్బంది లేదు. ఒకసారి ఏరియల్ నుంచి బయటపడ్డ తరంగం మనవాడికీ, పగవాడికీ సమానంగా అందుతుంది. గాలికి గట్లు వేయలేం కదా!

ఇది పుస్తకాల్లో మాత్రమే వుండే ప్రమాదం కాదు. వియత్నాం యుద్ధంలో, 1969 డిసెంబరులో, అమెరికా సైనికులు శత్రువుల రేడియో నిఘా దళం ఒకదాన్ని పట్టుకున్నారు. వాళ్ళ దగ్గర రేడియో రిసీవర్లతోపాటు, అమెరికన్లు తమలో తాము మాట్లాడుకున్న మాటలు ఇంగ్లీషులోనే చేత్తో రాసుకున్న కాగితాలు వెయ్యికి పైగా దొరికాయి. ఏ దళం ఎటు పోతున్నదీ, ఎక్కడ బాంబులు పడబోతున్నదీ ముందుగానే వాళ్ళకి తెలిసిపోతున్నది. ఆ మాటలు మాట్లాడినవాళ్ళలో ఎంతమంది ప్రాణాలు దానివల్ల పోయాయో లెక్క కట్టడం ఎవరి తరమూ కాదు.

మరి అప్పటికి రహస్య యంత్రాలు లేవా అంటే, వున్నాయి. 'నెస్టర్' అనే కుటుంబానికి చెందిన యంత్రాలు వేల సంఖ్యలో తయారయ్యాయి. వాటిలో కాలినడకన పోయే సైనికుడి కోసం చేసింది కె.వై.-38. దాన్ని రేడియోతో కలిపి మోస్తే మొత్తం బరువు దాదాపు 24.5 కిలోలు. ఆ ఎండలో, ఆ అడవిలో, తుపాకీ, తిండి, నీళ్ళతోపాటు ఇంకో అరబస్తా ధాన్యం వీపున వేసుకున్నట్లే! అందుకని చాలామంది దాన్ని వదిలేసి మామూలుగానే మాట్లాడేవారు. పైగా దానికి తాళంచెవి పెట్టడం కూడా ఒక తతంగమే. ముద్రించిన పట్టిక చూసి, ఒక సాధనంతో చిన్న చిన్న పిన్నుల్ని ఆ రోజు వరుస ప్రకారం అమర్చి, దాన్ని యంత్రం ముఖంలోకి నొక్కాలి. యుద్ధంలో వున్న మనిషికి కష్టమైన సాధనం ఇస్తే అతను దాన్ని పక్కన పెడతాడు. ఇది మొదటి పాఠం.

విత్తనం, పంట

అసలు మాటని రహస్యం చేయడం ఎట్లా? మన గొంతుని ముందు అంకెలుగా మార్చాలి. నెస్టర్ తర్వాత వచ్చిన 'విన్సన్' కుటుంబంలోని కె.వై.-57 అనే యంత్రం, మాటని సెకనుకి 16,000 బిట్ల చొప్పున సున్నాలు, ఒకట్లుగా మార్చేది. ఆ బిట్ల వరుసకి ఇంకొక రహస్యపు బిట్ల వరుసని కలుపుతారు. కలిపే సూత్రం చాలా తేలిక: రెండూ ఒకటే అయితే 0, వేరువేరైతే 1. దీన్నే మనం లాబులో 'ఎక్స్-ఆర్ గేటు' అంటున్నాం.

ఉదాహరణకి మాట 1 0 1 1 0 అనుకుందాం. రహస్యపు వరుస 0 1 1 0 1 అనుకుందాం. కలిపితే 1 1 0 1 1 వస్తుంది. గాలిలోకి పోయేది ఇదే. అవతలివాడు దీనికి అదే రహస్యపు వరుసని మళ్ళీ కలిపితే 1 0 1 1 0 తిరిగి వస్తుంది. చేసి చూసుకోండి. అదే సూత్రం తాళం వేస్తుంది, అదే సూత్రం తాళం తీస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు వుంది. పది నిమిషాల మాటకి 96 లక్షల బిట్లు అవుతాయి. అంత పొడవు రహస్యపు వరుసని ముందుగా రెండు వైపులా మోసుకుపోయి పెట్టుకోవాలంటే అయ్యే పని కాదు. అందుకని యంత్రంలో ఒక ఏర్పాటు చేశారు. లోపలికి 128 బిట్లు మాత్రం ఇస్తారు. యంత్రం వాటినుంచి ఎంత పొడవు కావాలంటే అంత పొడవు వరుసని పుట్టిస్తుంది. సైనికుడు మాట్లాడే బొత్తాం నొక్కిన ప్రతిసారీ ఒక కొత్త మొదలుతో పుట్టిస్తుంది, కాబట్టి ఒకే వరుస రెండుసార్లు రాదు.

మాది వ్యవసాయ కుటుంబం కాబట్టి నాకు ఇది విత్తనం, పంట లాగా కనిపించింది. చారెడు విత్తనం, చేనంత పంట. తేడా ఏమంటే, మా పొలంలో ఒకే సంచిలో విత్తనం రెండు మడుల్లో చల్లినా పంట ఒకేలా రాదు. ఈ యంత్రాల్లో మాత్రం ఒకే విత్తనం వేస్తే వంద యంత్రాల్లోనూ అక్షరం పొల్లుపోకుండా ఒకే పంట వస్తుంది. ఆ 128 బిట్ల విత్తనమే తాళంచెవి. దాన్ని 'కీ' అంటారు.

128 బిట్లే కదా, అన్నీ ప్రయత్నించి చూడలేమా అని అడగవచ్చు. 128 బిట్లతో ఏర్పడే కీలు 340 పక్కన 36 సున్నాలు పెట్టినన్ని. సెకనుకి వంద కోట్ల కీలు ప్రయత్నించినా, అన్నీ పూర్తి కావడానికి ఈ విశ్వం వయసు (సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు) కన్నా 78 వేల కోట్ల రెట్లు ఎక్కువ కాలం పడుతుంది. కాబట్టి తెలివైన దొంగ తాళం పగలగొట్టే ప్రయత్నం చేయడు. తాళంచెవి ఎక్కడుందో వెతుకుతాడు.

యంత్రం పోతే పోనీ

1883లో ఆగస్ట్ కెర్కోఫ్స్ అనే ఆయన ఒక ఫ్రెంచి సైనిక పత్రికలో ఈ శాస్త్రానికి పునాది లాంటి సూత్రాన్ని చెప్పాడు. దాని సారాంశం ఏమంటే, రహస్య యంత్రం శత్రువు చేతికి చిక్కినా నష్టం రాకూడదు. రహస్యం అంతా తాళంచెవిలోనే వుండాలి. ఎందుకంటే యంత్రాలు వేలల్లో వుంటాయి. యుద్ధంలో ఏదో ఒకటి ఎప్పుడో ఒకప్పుడు చిక్కి తీరుతుంది. యంత్రాన్ని మార్చాలంటే ఏళ్ళు పడుతుంది. తాళంచెవిని మార్చాలంటే ఒక్క రోజు చాలు.

సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఇదంతా మా నాన్నకి చెప్పుకుంటూ పోయాను. ఆయన చదివింది ఐదో తరగతి. గట్టు మీద కూర్చుని అంతా విని, "ఒరే, తాళం గొప్పదేరా, కాదనను. ఇంతకీ చెవి ఎవడి చేతిలో వుంది?" అన్నారు. మోటారు షెడ్డు తాళంచెవి నలుగురు వాటాదార్ల మధ్య తిరిగే ఇంట్లో పెరిగినవాళ్ళకి వచ్చే ప్రశ్నే అది. అయితే నేను చదివినదాంట్లో అంతకన్నా పెద్ద ప్రశ్న నాకు కనబడలేదు.

కాగితం మీది తాళంచెవి

చాలాకాలం తాళంచెవులు కాగితం మీదే వుండేవి. రెండవ ప్రపంచయుద్ధంలో జర్మన్లు 'ఎనిగ్మా' యంత్రాన్ని ప్రతిరోజూ ఎట్లా అమర్చాలో అచ్చు వేసిన పట్టికలు పంచేవారు. నౌకాదళం వాడే పట్టికల్ని నీళ్ళలో పడగానే కరిగిపోయే సిరాతో ముద్రించేవారు. ఓడ మునుగుతున్నా, శత్రువు ఎక్కుతున్నా, కాగితం నీళ్ళలో వేస్తే చాలు, రహస్యం కరిగిపోతుంది. ఆలోచన ఎంత బాగున్నా, 1941 మే నెలలో బ్రిటిష్ నావికులు యు-110 అనే జలాంతర్గామిని పట్టుకున్నప్పుడు కాగితాలు తడవకుండానే వాళ్ళ చేతికి వచ్చాయి. కాగితం దానంతట అది మాయం కాదు. మాయం చేసే మనిషికి టైము, ధైర్యం రెండూ కావాలి.

అంతకన్నా ఘోరమైన కథ అమెరికాది. 1968 జనవరి 23న ఉత్తర కొరియా 'ప్యూబ్లో' అనే అమెరికా నిఘా ఓడని పట్టుకుంది. ఒక నావికుడు చనిపోయాడు. మిగతా 82 మంది పదకొండు నెలలు చెరలో వున్నారు. ఓడలోని రహస్య యంత్రాలు కూడా కొన్ని చిక్కాయి. అమెరికా పెద్దలు కెర్కోఫ్స్ చెప్పినట్లే ఆలోచించారు. యంత్రం పోయినా తాళంచెవులు మార్చేశాం కదా, ఇక భయం లేదు అనుకున్నారు. ఆ రకం యంత్రాలని వాడుతూనే వచ్చారు.

లెక్క ప్రకారం వాళ్ళు అనుకున్నది తప్పు కాదు. కానీ ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ ఓడ చిక్కడానికి కొన్ని వారాల ముందే, 1967 చివర్లో, జాన్ వాకర్ అనే అమెరికా నౌకాదళ ఉద్యోగి వాషింగ్టన్‌లోని సోవియట్ రాయబార కార్యాలయానికి తనంత తానే నడుచుకుంటూ వెళ్ళి, డబ్బు కోసం తాళంచెవుల పట్టికని అమ్మాడు. తాళంచెవుల కాగితాలు అతని ఉద్యోగంలో రోజూ చేతికి వచ్చేవే. 'మినాక్స్' అనే చిన్న కెమెరాతో ఫోటోలు తీసి ఇచ్చేవాడు. ఒక స్నేహితుణ్ణీ, అన్ననీ, చివరికి కన్నకొడుకునీ ఇందులోకి దించి, తాను 1976లో రిటైరైన తర్వాత కూడా దీన్ని సాగించాడు. 1985 మే నెలలో పట్టుబడేదాకా పదిహేడేళ్ళకు పైగా ఇది సాగింది. సోవియట్ గూఢచారి సంస్థని వదిలి 1985లో అమెరికా వైపు వచ్చిన యుర్చెంకో, పది లక్షలకు పైగా సందేశాలు ఈ విధంగా చదవగలిగారని చెప్పాడు.

ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. ఫోటో తీసిన తర్వాత కాగితం ఎట్లా వుంది? ముందు ఎట్లా వున్నదో అట్లాగే వుంది. లెక్కకి సరిపోతుంది, సంతకానికి సరిపోతుంది, కాల్చివేసే రోజున బూడిద కూడా సరిపోతుంది. ధాన్యం దొంగిలిస్తే గాదెలో వెలితి కనబడుతుంది. తాళంచెవి నకలు తీస్తే ఏ వెలితీ కనబడదు. ఇదే కాగితంతో వచ్చిన అసలు ప్రమాదం.

గుప్పెట్లో పెట్టె

విన్సన్ యంత్రాలతోపాటు కొత్త రకం ఫిల్ పరికరాలు వాడుకలోకి వచ్చాయి. ముఖ్యంగా మూడు.

మొదటిది కె.ఓ.ఐ.-18. ఇది కాగితపు టేపుని చదివే పరికరం. టేపు మీద రంధ్రాల రూపంలో కీ వుంటుంది. టేపుని ఒకవైపు పెట్టి చేత్తో రెండోవైపుకి లాగితే, ఆ రంధ్రాలు విద్యుత్ బిట్లుగా మారి తీగద్వారా పోతాయి. దీనికి జ్ఞాపకశక్తి లేదు. ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేసే రకం.

రెండవది కె.వై.కె.-13. నా దృష్టిలో ఈ కుటుంబంలో ముద్దుబిడ్డ ఇదే. చేతిలో ఇమిడే ఆకుపచ్చని పెట్టె. లోపల ఒక బ్యాటరీ, ఆరు కీలు దాచుకునే చోట్లు. పైన తిప్పే మీటలు రెండు, ఒక బొత్తాం, ఒక చిన్న ఎర్రదీపం. అంతే!

మూడవది కె.వై.ఎక్స్.-15. ఇది కాస్త పెద్దది, 16 కీలు పడతాయి.

పని ఇట్లా జరుగుతుంది. అమెరికాలో కీలు తయారుచేసే బాధ్యత 1952లో ఏర్పడిన జాతీయ భద్రతా సంస్థది. అక్కడ తయారైన టేపు సీలు వేసిన డబ్బాలో బయలుదేరుతుంది. డబ్బాలోంచి ముక్క ఒకసారి బయటికి లాగితే మళ్ళీ లోపలికి పెట్టడం కుదరదు. చేతులు మారిన ప్రతిచోటా సంతకం వుంటుంది. ముఖ్యమైన కీల దగ్గరికి ఒక్క మనిషిని ఒంటరిగా పోనివ్వరు, ఇద్దరు వుండాల్సిందే. యూనిట్ దగ్గర ఆ టేపు ముక్కని కె.ఓ.ఐ.-18లో లాగి, కె.వై.కె.-13లోకి ఎక్కిస్తారు. వాడిన ముక్కని నాశనం చేస్తారు. తర్వాత ఒక సైనికుడు కె.వై.కె.-13ని జేబులో వేసుకుని జీపు నుంచి జీపుకీ, గుడారం నుంచి గుడారానికీ తిరుగుతాడు. ప్రతి యంత్రానికీ ఆరు పిన్నుల సాకెట్టు ఒకటి వుంటుంది. దానికి తగిలించడం, మీటతో కావలసిన నెంబరు ఎంచుకోవడం, కీని ఎక్కించడం. కీ సరిగా ఎక్కిందని దీపం ఒక్కసారి మినుకుమంటుంది. నెస్టర్ రోజుల్లో పిన్నులు అమర్చుకుంటూ కూర్చున్న పని ఇప్పుడు కొన్ని సెకన్లలో అయిపోతుంది.

కీని మార్చే సమయం కూడా అందరికీ ఒకటే వుండాలి. మా కాలవ కింద నీటి వంతు మారే గంట అందరికీ ఒకటే అయినట్లు. ఒకడు ముందు మార్చి ఒకడు తర్వాత మారిస్తే వాళ్ళిద్దరి మధ్య మాట నడవదు. వేరువేరు దేశాల్లో వున్న దళాలకి గడియారాలు వేరు కాబట్టి గ్రీనిచ్ కాలాన్ని పట్టుకుంటారు. గ్రీనిచ్ అర్ధరాత్రి మారాలంటే, అది మన లెక్కలో తెల్లవారుజామున ఐదున్నర.

మరిచిపోవడమనే గుణం

కె.వై.కె.-13లో నాకు బాగా నచ్చిన సంగతి, దానికి తెరగానీ, అంకెలు చూపే కిటికీగానీ లేకపోవడం. మీటని తనిఖీ వైపు పెట్టి ఫలానా చోట కీ వుందా అని అడిగితే, వుంటే దీపం వెలుగుతుంది, లేకపోతే వెలగదు. 'వుందా' అనే ప్రశ్నకి జవాబు చెప్తుంది గానీ, 'అది ఏమిటి' అనే ప్రశ్నకి కంటికి కనబడేలా జవాబు చెప్పదు. మోసే సైనికుడికి కూడా తాను మోసేదేమిటో తెలియదు. తెలియనిదాన్ని అతని నోటినుంచి ఎవరూ రాబట్టలేరు. మినాక్స్ కెమెరాకి అక్కడ ఫోటో తీయడానికి ఏమీ లేదు.

రెండవ గుణం మరుపు. మీటని 'జెడ్' అనే అక్షరం దగ్గరికి తిప్పి బొత్తాం నొక్కితే కీ చెరిగిపోతుంది. దీన్ని 'జీరోయైజ్' అంటారు. నీళ్ళలో కరిగే సిరాకి ఇది మనుమడు. శత్రువు మీద పడబోతున్నాడంటే కాగితాల కట్ట కాల్చడానికి అగ్గిపెట్టె వెతుక్కోనక్కరలేదు. ఒక్క తిప్పు, ఒక్క నొక్కు, అయిపోయింది.

ఇది ఎట్లా సాధ్యమైందో రైతుబిడ్డలకి తేలిగ్గా అర్థమవుతుంది. బావి దగ్గర మోటారు స్టార్టరు చూడండి. పచ్చ బొత్తాం నొక్కి వదిలేసినా మోటారు ఆడుతూనే వుంటుంది. ఎందుకు? లోపలి కాయిల్‌కి కరెంటు అందుతున్నంతసేపూ అది తన స్విచ్చిని తానే పట్టుకుని వుంటుంది. కరెంటు పోయిందా, పట్టు వదిలేస్తుంది. మళ్ళీ కరెంటు వచ్చినా అంతకుముందు ఆడుతున్న సంగతి దానికి గుర్తుండదు. ఇంకోసారి బొత్తాం నొక్కాల్సిందే. మనం క్లాసులో చదువుకునే 'ఫ్లిప్-ఫ్లాప్' ఇదే ధోరణిలో పనిచేస్తుంది. ట్రాన్సిస్టర్ల రెండు జట్లు ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఒక బిట్టుని నిలబెడతాయి. కరెంటు వున్నంతవరకే ఆ జ్ఞాపకం. కె.వై.కె.-13లో ఆ కరెంటుని ఇచ్చేది బ్యాటరీ.

ఇంజనీరింగులో మనం సాధారణంగా ఎక్కువకాలం గుర్తుంచుకునే సాధనాన్ని గొప్పదంటాం. ఇక్కడ మాత్రం అడిగిన మరుక్షణం మరిచిపోగలగడమే గొప్పతనం.

అయినా ఒక లోటు మిగిలిపోయింది. పెట్టెలోకి రాకముందు ఆ కీ కాగితపు టేపు మీదే కదా వున్నది! వాకర్ లాంటివాడు పెట్టెని వదిలేసి దానికన్నా ఒక అడుగు వెనక, టేపు దగ్గర కాచుకుంటాడు. గండి పూడ్చిన చోటు వదిలి నీళ్ళు ఇంకోచోట తెంపుకున్నట్లు.

తాళంచెవికి తాళం

ఈ లోటుకి రెండు విరుగుళ్ళు వచ్చాయి.

ఒకటి, కీని కూడా ఒక కీతో తాళం వేసి పంపడం. మాటకి తాళం వేసే కీ ఒకటి, కీలకి తాళం వేసే కీ ఒకటి. కె.వై.-57లో కూడా ఆరు చోట్లు వుంటే, ఐదు మాటల కీలకి, ఒకటి ఈ రెండవ రకం కీకి. రెండవ రకం కీ ముందే రెండు వైపులా వుంటే, కొత్త మాటల కీని తాళం వేసి రేడియో మీదే పంపవచ్చు. ఎవరు విన్నా వాళ్ళకి పొట్టే గానీ గింజ దొరకదు. మనిషి జీపులో తిరగాల్సిన పని చాలావరకు తగ్గుతుంది.

రెండవది, కాగితాన్నే ఎత్తివేయడం. 1990ల్లో కీలని కంప్యూటర్లమీద తయారుచేసి, తాళం వేసి, తీగల మీదుగా పంపే పద్ధతి అమెరికా సైన్యంలో వచ్చింది. దానికి తగినట్లు ఏ.ఎన్./సి.వై.జెడ్.-10 అనే కొత్త పెట్టె వచ్చింది. దీనికి చిన్న తెర, బొత్తాల వరుస వున్నాయి. ఆరు కీల చోట వందల కొద్దీ కీలు పట్టాయి. అయితే లోపల కీలు తాళం వేసిన స్థితిలోనే వుంటాయి. వాటిని వాడాలంటే 'ఇగ్నిషన్ కీ' అనే ఇంకో చిన్న ముక్కని దానికి తగిలించాలి. ట్రాక్టరుకి తాళంచెవి లాంటిదన్నమాట. ఆ ముక్క తీసేస్తే పెట్టె దొరికినవాడికి ఉత్త డబ్బాయే. అంతేకాదు, ఎవరు ఏ కీని ఎప్పుడు ఎక్కించారో ఈ పెట్టె రాసిపెట్టుకుంటుంది. గాదెలో వెలితి కనబడదన్న బాధకి ఇది కొంత మందు. 2000 తర్వాత దీని స్థానంలో ఏ.ఎన్./పి.వై.క్యూ.-10 అనే, చేతి కంప్యూటరు లాంటి పరికరం వచ్చింది. ఇన్ని తరాలు మారినా, పాత రేడియోలకోసం అదే ఆరు పిన్నుల సాకెట్టు, బిట్లు పంపే అదే పాత పద్ధతి కొత్త పెట్టెల్లో కూడా కొనసాగాయి.

అయితే శ్రద్ధగా చదివేవాళ్ళకి ఒక అనుమానం రావాలి. మాటల కీకి తాళం వేసేది రెండవ రకం కీ. మరి ఆ రెండవ రకం కీ మొదటిసారి ఎట్లా వచ్చింది? దానికి ఇంకో కీ అంటారా? దానికి ఇంకోటి? ఎక్కడో ఒకచోట ఈ గొలుసు ఆగాలి. ఆగినచోట ఒక మనిషి నిలబడి వుంటాడు. చేతిలో ఒక పెట్టెతో.

మోయకుండా కుదరదా?

1976లో డిఫీ, హెల్మన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు, అంతకుముందు ఎన్నడూ కలవని ఇద్దరు మనుషులు అందరూ వింటుండగానే మాట్లాడుకుని ఒక రహస్యపు కీని ఏర్పరచుకోగల గణిత పద్ధతిని ప్రకటించారు. ఇవాళ మన ఫోన్లలో, బ్యాంకు లావాదేవీల్లో దాని వారసులే పనిచేస్తున్నారు. మరి సైన్యానికి పెట్టెలెందుకు?

ఎందుకంటే ఆ పద్ధతి 'ఎవరూ వినకుండా' చేస్తుంది గానీ, 'అవతల వున్నది ఎవరు' అన్నది తనంత తానుగా చెప్పదు. శత్రువుతోనే చక్కగా రహస్యపు కీ ఏర్పరచుకుని కూర్చునే ప్రమాదం వుంది. అవతలివాణ్ణి గుర్తుపట్టాలంటే ముందుగా నమ్మకమైన చేతులమీదుగా వచ్చిన గుర్తు ఏదో ఒకటి వుండాలి. అదీగాక యుద్ధరంగంలో ఇరవై ముప్పై రేడియోలు ఒకే గొంతుని ఒకేసారి వినాలి. ఇద్దరిద్దరుగా బేరమాడుకునే వ్యవధి వుండదు. ఇంకొకటి, క్వాంటమ్ కంప్యూటర్లు పెద్దవి తయారైతే డిఫీ-హెల్మన్ లాంటి పద్ధతులని విప్పవచ్చని పీటర్ షోర్ 1994లో చూపించాడు. చేత్తో మోసుకొచ్చిన కీకి ఆ లెక్క వర్తించదు. కాబట్టి గణితం ఎంత ముందుకు పోయినా మోసే మనిషికి పూర్తిగా సెలవు దొరకలేదు.

మన జేబులోని పెట్టె

ఇదంతా ఎక్కడో అమెరికా సైన్యం గొడవ, మనకెందుకు అనుకోవద్దు. మీ జేబులోని సెల్‌ఫోన్ తీసి సిమ్ కార్డు చూడండి. దానిలో కూడా ఒక రహస్యపు కీ దాగి వుంటుంది. సాధారణంగా అదీ 128 బిట్లే! కార్డు తయారైన చోటే దాన్ని లోపల రాస్తారు. రెండవ ప్రతి ఫోన్ కంపెనీ దగ్గర వుంటుంది. ఆ కీ గాలిలోకి ఎప్పుడూ పోదు. కార్డు లోపలే లెక్క చేసి జవాబు మాత్రం బయటికి చెప్తుంది. కొట్టువాడు సిమ్ మన చేతిలో పెట్టాడంటే, ఒక తాళంచెవి మనిషి చేతిమీదుగా మనిషికి చేరిందన్నమాట. కె.వై.కె.-13 చేసిన పని అదే.

ప్రమాదం కూడా అదే. బ్రిటిష్, అమెరికన్ గూఢచారి సంస్థలు 2010-11 ప్రాంతంలో 'జెమాల్టో' అనే పెద్ద సిమ్ తయారీ కంపెనీని గురిపెట్టి, కార్డుల కీలు కంపెనీ నుంచి ఫోన్ కంపెనీలకి పోయే దారిలో కాజేశాయని 2015 ఫిబ్రవరిలో పత్రికల్లో వచ్చింది. ఆ కంపెనీ విచారించుకుని, తమ ఆఫీసు నెట్‌వర్క్‌లో చొరబాటు జరిగి వుండవచ్చునని ఒప్పుకుంది. అయితే కీలు పెద్దఎత్తున పోయే అవకాశం లేదని చెప్పింది. ఎవరి మాట ఎంతవరకు నిజమైనా, చూసే చూపు గమనించండి. ఎవరూ సిమ్ కార్డు తాళాన్ని పగలగొట్టాలని చూడలేదు. తాళంచెవి బండి ఏ దారిన పోతుందో చూశారు.

మిత్రులారా, మనలో కొందరు రేపు కంప్యూటర్లలోకి, ఎలెక్ట్రానిక్స్‌లోకి, రక్షణ పరిశోధనశాలల్లోకి పోతారు. బ్యాంకుల్లో, ఆస్పత్రుల్లో జనం రహస్యాలు మన చేతిమీదుగా నడుస్తాయి. అక్కడ ఎన్ని బిట్ల తాళం అని అడిగేవాళ్ళు బోలెడుమంది వుంటారు. మనం ఇంకో నాలుగు ప్రశ్నలు కూడా అడగడం నేర్చుకోవాలి. తాళంచెవి ఎక్కడ పుట్టింది? ఎవరి చేతులమీదుగా వచ్చింది? నకలు తీస్తే తెలిసే దారి వుందా? అక్కర తీరాక దాన్ని చెరిపేశారా?

నెస్టర్ యంత్రం బరువువల్ల అడవిలో మూలపడింది. ఎనిగ్మా కాగితాలు తడవక చిక్కాయి. వాకర్ చేతిలో పట్టికలు చెక్కుచెదరకుండా వుంటూనే అమ్ముడుపోయాయి. ఈ మూడింటిలోనూ దెబ్బ తగిలింది మాత్రం ఆ కీ మీద నమ్మకం వుంచి మాట్లాడిన మామూలు సైనికుడికే. అతను తాళాన్ని చూడలేదు, తాళంచెవినీ చూడలేదు. దీపం మినుకుమన్నది, అంతా భద్రమే అనుకున్నాడు. ఆ దీపం అబద్ధం చెప్పకుండా చూడడమే ఈ శాస్త్రంలో మన వంతు పని.